వట్టి గిన్నె

నాకు కోపం ముందొస్తుంది, బుద్ధి తర్వాత వస్తుంది. పెనుకొండ దగ్గర మా పల్లెలో ఉన్నన్నాళ్లూ మా అమ్మ ఈ మాట అనేది. ధర్మవరంలో మగ్గం ఇంటికి కోడలిగా పోయాక మా అత్త అందుకుంది. ఇప్పుడు హిందూపురంలో నాతో కలిసి సంగటి వండే ఆడవాళ్లు ముఖం మీదే అంటున్నారు. మూడు ఊళ్లూ ఒకే రైలు దారిలో ఉన్నాయి కదా, మాట కూడా టికెట్ లేకుండా నా వెంటే వచ్చేసిందని నవ్వి ఊరుకుంటాను. కానీ ఒక అవ్వ విషయంలో మాత్రం అది నిజమని ఒప్పుకోక తప్పలేదు. ఆ అవ్వ గురించే ఇదంతా.

ముందు మా పొయ్యి సంగతి చెప్పాలి. హిందూపురంలో నాకొక చిన్న టైలరింగు అంగడి ఉంది. దాని వెనక ఒక రేకుల కొట్టం. కరోనా కాలంలో మా చుట్టుపక్కల రీలింగు షెడ్లు, అంటే పట్టుగూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీసే షెడ్లు, ఒక్కసారిగా మూతబడ్డాయి. వాటిలో రోజుకూలికి పోయేవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలగలేదు. మా వీధి ఆడవాళ్లం ఆరుగురం కలిసి ఆ కొట్టంలో మూడు రాళ్లు పెట్టి రాగిసంగటి వండడం మొదలుపెట్టాం. పదిరోజులు చేస్తే చాలనుకున్నాం. తర్వాత షెడ్లు తెరిచారు, బస్సులు తిరిగాయి, పెళ్లిళ్లు మొదలయ్యాయి, కానీ మధ్యాహ్నం మా కొట్టానికి వచ్చేవాళ్లు మాత్రం రావడం మానలేదు. ఈ ఆకలి ముందునుంచీ ఉందని, మా కంటికి కనపడింది అప్పుడేనని తెలిసి సిగ్గేసింది. ఆ వీధిలో పదిహేనేళ్లుగా రవికెలు కుడుతున్నాను. టేపు పెట్టి కొలిచినప్పుడల్లా ఎవరు ఎంత చిక్కిపోయారో నాకు తెలుస్తూనే ఉంది. ఎందుకు చిక్కిపోయారని ఒక్కరినీ అడగలేదు.

మా పద్ధతి తేలిక. వీధిలో ఎవరింట్లో వంట చేసినా పిడికెడు రాగిపిండో పప్పో పక్కకు తీసిపెడతారు. శనివారం నేను సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి తెస్తాను. సోమందేపల్లి పక్క రైతులు కొందరు పంట చేతికొచ్చినప్పుడు చెనక్కాయలు, అలసందలు పంపుతారు. కొట్టానికి ఎవరొచ్చినా కూర్చోబెట్టి వడ్డిస్తాం. కార్డు అడగం, కులం అడగం, ఫోటో తీయం. ఒకసారి ఒక పెద్దమనిషి బియ్యం బస్తా తెచ్చి, తినేవాళ్లను వరసగా నిలబెడితే ఫోటో దిగుతానన్నాడు. ఆ బస్తాను మళ్లీ ఆయన బండిలోకే ఎక్కించాను. మిగతా ఐదుగురూ నన్ను వారంరోజులు తిట్టారు. వారంరోజులూ పలచని సంగటే తిన్నాం కాబట్టి నేనూ నోరు మూసుకుని పడ్డాను.

సంగటి కెలకడం మా పక్కింటి పెద్దక్క పని. వయసులో మా అందరికన్నా పెద్దది కాబట్టి వీధి మొత్తానికీ పెద్దక్కే. మడకశిర పక్కనుంచి వచ్చిన మనిషి. ఇంట్లో కన్నడం, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి. ఎసరు కాగాక పిండి పోసి, కుండను అదిమిపట్టి తెడ్డుతో కెలికిందంటే ఒక్క ఉండ కూడా కట్టదు. నేను కెలికితే అన్నీ ఉండలే. అందుకే నన్ను వడ్డించడానికీ పోట్లాడడానికీ మాత్రమే ఉంచుకున్నారు.

ఇక అవ్వ. మా వీధి చివర ఒంటిగది ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పటినుంచీ రీలింగు షెడ్డులో గూళ్లు ఉడికే తొట్టి ముందు కూర్చుని దారపు కొసలు వెతికి తీసిన మనిషి. చూపు తగ్గాక షెడ్డువాళ్లు వద్దన్నారు. రోజూ కొళాయికి పోతూ మా కొట్టం ముందునుంచే బిందెతో నడిచేది. సంగటి వాసన వీధంతా కమ్ముకుని ఉండేది. నేను లోపలినుంచే కేకేసేదాన్ని.

"తింటివా అవ్వా?"

"అయింది పాపా."

యాభై దాటిన నన్ను పాపా అని పిలిచేది ఆమె ఒక్కతే. మా పక్క "తింటివా" అన్నది పలకరింపు. ఎదురుపడితే ముందు అదే అడుగుతాం, తర్వాతే మిగతా మాటలు. జవాబు కూడా ముందే ఖాయం, "అయింది" అనాలి. పెద్దక్క "ఊట ఆయ్తా?" అని కన్నడంలో అడిగినా "ఆయ్తు" అనే చెబుతారు. అయినవాళ్లూ అదే అంటారు, కానివాళ్లూ అదే అంటారు. అన్నీ తెలిసిన నేను, రోజూ ఆమెను అదే అడిగి, అదే విని, నిశ్చింతగా గరిటె పట్టుకున్నాను.

అసలు సంగతి స్టోరు డీలరు చెబితే తెలిసింది. రేషన్ అంగడిని మేం స్టోరు అంటాం. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి, ఆయన మాటల్లో అన్నాడు, "ఆ చివరింటి అవ్వకు రెండు నెలలుగా బియ్యం ఇయ్యల్యాక పోతినమ్మా. వేలు పడల్యా." మిషను మీద వేలు పెడితే ముద్ర పడాలి, అప్పుడే బియ్యం వస్తాయి. ఏళ్ల తరబడి వేడినీళ్లలో నానిన వేళ్లు, గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. పది వేళ్లూ పెట్టించాడట. గుడ్డతో తుడిచి పెట్టించాడట, కొబ్బరినూనె రాసి పెట్టించాడట. మిషను ఒప్పుకోలేదు. "ఆయమ్మ ఏమీ అనల్యా. సంచీ మడిచి సంకలో పెట్టుకోని పాయె," అన్నాడు.

రెండు నెలలుగా నాకు "అయింది" అని చెప్పి, బిందె మోసుకుని, సంగటి వాసన పీల్చుకుంటూ పోతోంది. ఆ రోజే స్టీలు డబ్బాలో రెండు ముద్దలూ పప్పూ పెట్టుకుని పరిగెత్తాను.

"ఇప్పుడే తింటి పాపా," అంది గడపలో నిలబడి.

"మాపటికి తిను."

"మాపటికీ ఉండాది."

వెనక పొయ్యి కనపడుతూనే ఉంది. బూడిద కూడా లేదు. మర్నాడు పోతే తలుపు పూర్తిగా తీయకుండానే మాట్లాడింది. మూడోరోజు నేను డబ్బా గడపమీద పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేశాను. సాయంత్రానికి ఆ డబ్బా నా అంగడి మెట్టు మీద ఉంది. మూత తీసి చూస్తే పెట్టిన ముద్దలు పెట్టినట్టే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఇంత పొగరా ఈమెకు అని పెద్దక్క దగ్గర రంకెలేశాను. పెద్దక్క నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వు పెట్టింది తినాల్నని రూలుండాదా?" అని తన పనిలో పడింది.

కోపం దిగాక మా అమ్మ గుర్తొచ్చింది. మా పల్లెలో పక్కింటినుంచి కూర వస్తే, ఆ గిన్నెను ఎప్పుడూ ఖాళీగా తిరిగి ఇచ్చేవాళ్లం కాదు. కడిగి, అందులో ఏదో ఒకటి వేసి పంపాలి. చెనక్కాయలో, బెల్లంముక్కో, నాలుగు పచ్చిమిరపకాయలో. మా అమ్మకు అదొక పట్టుదల. వట్టి గిన్నె ఇస్తే పొత్తు తెగిపోతుందనేది. ఒక కరువు ఏడాది ఇంట్లో ఏమీ లేకపోతే, గిన్నెలో నాలుగు ఉప్పురాళ్లు వేసి నా చేతికిచ్చింది. నేను ఆ గిన్నెను పరికిణీ కుచ్చిళ్లలో దాచుకుని సిగ్గుపడుతూ తీసుకెళ్లాను. పక్కింటామె ఆ ఉప్పును తన ఉప్పుకుండలో పోసుకుని, "సమయానికి వచ్చెనే ఉప్పు," అంది.

అవ్వ డబ్బా ఎందుకు తీసుకోలేదో అప్పుడర్థమైంది. డబ్బా తీసుకుంటే తిరిగివ్వాలి, తిరిగిస్తే అందులో ఏదో ఒకటి వేయాలి. వేయడానికి ఏముంది ఆమెకు? నా తెలివికి నేనే మురిసిపోయాను. అంతకన్నా గొప్ప ఉపాయం ఒకటి తట్టింది. బజారుకు పోయి, తిని పారేసే డబ్బాలు ఒక కట్ట కొనుక్కొచ్చాను, పెళ్లిళ్లలో పార్సిళ్లు కట్టిస్తారే, అవి. తిరిగివ్వాల్సిన గిన్నే లేకపోతే ఇక బాధేముంది?

"చూడవ్వా, ఇది తిరిగిచ్చే పని ల్యా. తినేసి పారేయి," అన్నాను గడపలో నిలబడి, ఏదో పెద్ద వరం ఇస్తున్నట్టు.

అవ్వ ఆ డబ్బాను చూసింది. తర్వాత నన్ను చూసింది. తలుపు మూసింది. మర్నాటినుంచి బిందెతో మా కొట్టం ముందునుంచి రావడం మానేసింది. వెనక సందులోంచి చుట్టూ తిరిగి కొళాయికి పోయేది. నేను పలకరించడానికి కూడా దొరకలేదు. ముందు పస్తులే, ఇప్పుడు పస్తులతో పాటు ఇంకో అరఫర్లాంగు నడక. దానికి కారణం నేను.

ఆ వారమే జాకెట్టు గుడ్డల పని మీద రైల్లో ధర్మవరం పోయాను. మా అత్త ఇప్పటికీ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. ఇంట్లో మగ్గం ఆడుతుంటే, ఆ చప్పుడు మీద గొంతు పెంచి మాట్లాడడం ఆమెకు అలవాటు. నేను జరిగిందంతా చెప్పాను. సానుభూతి చూపిస్తుందనుకున్నాను. రాట్నం ఆపింది.

"ఏమ్మే, నీకు బుద్ధుండాదా?"

"నేనేం చేస్తినత్తా? గిన్నె బాధ తీసేస్తి గదా."

"గిన్నె తీసేస్తివి. గిన్నెతో పాటు ఆయమ్మను గూడా తీసేస్తివి. ఇరుగుపొరుగోళ్లకు గిన్నెలో ఇస్తాం, మళ్లా వస్తాదని. నీ నుంచి నాకేమీ రాదు, నాకేమీ వద్దు అనుకున్నోళ్లకు పారేసే డబ్బాలో ఇస్తారు."

"నేనట్ల అనుకోల్యా."

"నువ్వనుకోల్యా. నీ డబ్బా అనె."

నాకు తల తీసేసినట్టయింది. మా అత్త అంతటితో వదలలేదు. ఒక ఏడాది ధర్మవరంలో మగ్గాలు నిలబడిపోయినప్పుడు వాళ్ల వీధికి ఎవరో బండిమీద పొట్లాలు తెచ్చి కిటికీల్లోంచి అందించి పోయారట. ఆకలితో ఉన్న మా అత్త ఆ పొట్లాన్ని విప్పి దూడకు పెట్టిందట. "దూడ తినె. నేను చూస్తా కూచుంటి," అంది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇన్నేళ్లయినా ఈ సంగతి నాకు చెప్పలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మాత్రం మళ్లీ రాట్నం తిప్పుతూ అడిగింది.

"ఆయమ్మ ఇంట్లో ఏముండాది?"

"ఏమీ ల్యా అత్తా. ఒట్టి గది."

"మనిషి ఉన్నాక ఏమీ లేకపోవడం ఉండదు. సరిగ్గా చూసినావా?"

నేను కళ్లు మూసుకుని ఆ ఇల్లు తలచుకున్నాను. గడప. చల్లారిన పొయ్యి. ఒక మంచం. వెనక చిన్న దొడ్డి. దొడ్లో చెట్టు.

"మునగచెట్టు ఒకటుండాది."

"అయితే నువ్వే వట్టి గిన్నె తీసుకోని పో. తినమని అడగబాక. పెట్టమని అడుగు."

అడగడం నాకు రాదు. ఇవ్వడంలో ఉన్న హాయి అడగడంలో లేదు. తిరుగు రైల్లో పెనుకొండ కొండ కనపడేదాకా ఏమని అడగాలో మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను, పేర్చినవన్నీ నాటకంలో మాటల్లా వినపడ్డాయి. మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో పప్పు వండే గిన్నె ఒకటి తీసుకుని అవ్వ తలుపు కొట్టాను. తీసింది. నా చేతిలోకి చూసింది.

"ఏం పాపా, డబ్బాలు అయిపోయినాయా?"

వెనక్కి తిరిగి పోదామనుకున్నాను. అయినా అడిగాను. "అవ్వా, ఈ పొద్దు పప్పులోకి ఆకు ల్యా. నీ చెట్టు మునగాకు ఒక గిన్నెడు పెడతావా?"

అబద్ధం కాదు. ఆ రోజు నిజంగానే మా దగ్గర ఆకుకూర లేదు. అవ్వ గిన్నె అందుకుని తిప్పి చూసింది.

"ఎంతమంది తింటారు మీ కొట్టంలో?"

"ముప్పైమంది దాకా ఉంటారు."

"ముప్పైమందికి ఈ గిన్నెడు ఆకు యామూలకు? అడగడం గూడా తెల్దు నీకు." దోటీ తీసుకుని దొడ్లోకి నడిచింది. కొమ్మలు వంచింది, నన్ను కింద కూర్చుని ఏరమంది. నేను ఈనెలతో సహా తెంపుతుంటే చేతిమీద ఒక్కటేసింది. ఆకు ఎట్లా దూయాలో చూపించింది, కొసను పట్టుకుని కిందికి ఒక్క లాగుడు. అరిగిపోయిన ఆ వేళ్లు ఎంత వేగంగా కదిలాయో! గిన్నె నిండింది, నా కొంగు నిండింది, ఆమె చేట నిండింది.

మధ్యాహ్నం పెద్దక్క ఆ ఆకుతో పప్పు చేసింది. నేను అదే గిన్నెలో రెండు ముద్దలు, పైన మునగాకు పప్పు పోసుకుని తీసుకెళ్లాను. పెళ్లిచూపుల్లో కూడా నాకు అంత భయం వేయలేదు.

"ఏమిటికి తెస్తివి?" అంది.

"ఆకిస్తివి గదవ్వా. నీ గిన్నెడు ఆకు తీసుకోని ఊరికే ఎట్లుండేది?"

ఆ గిన్నె నాదే. ఆమెకూ తెలుసు. కాసేపు నన్నే చూసింది. నవ్వుతుందో తలుపు మూస్తుందో తెలియలేదు. చివరికి మంచం మీదున్న గుడ్డ పక్కకు లాగి, "కూచో. నిలబడి చూస్తాంటే నాకు మింగుడు పడదు," అంది. కూర్చున్నాను. తిన్నది. ముద్దను మెల్లగా విరిచి, పప్పులో అద్ది, నమలకుండా మింగింది, మా పక్క సంగటి తినే పద్ధతే అది. రెండో ముద్దకు వచ్చేసరికి గిన్నెను ఒళ్లోకి లాక్కుంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా. "ఉప్పు తక్కువైంది మీ పెద్దక్కకు చెప్పు," అంది అవ్వ నా వైపు చూడకుండా.

మర్నాడు ఆమే కొట్టానికి వచ్చింది, చేటనిండా ఆకుతో. ఆమెను ఎవరం ఏమీ అడగలేదు. వరసలో కూర్చుని తిని, పెద్దక్క కెలకడం చూసి తెడ్డు పట్టుకోవడం తప్పని వాదన పెట్టుకుంది. పెద్దక్క రెండు భాషల్లోనూ జవాబిచ్చింది. వాళ్లిద్దరూ అరుచుకుంటుంటే మిగతావాళ్లం చాటుగా నవ్వుకున్నాం.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. శనివారం సంచీతో పోయేటప్పుడు, ఎవరింట్లో ఇబ్బందుందని వింటే ఆ ఇంటికి ముందు అడుక్కోవడానికే పోతాం. ఒకింట్లో నిమ్మచెట్టు దొరికింది. ఇంకో ఇంట్లో రోలు తప్ప ఏమీ లేదు. అయితే సంగటిలోకి ఊరిబిండి పచ్చడి మీ ఇంట్లోనే నూరుకుంటామని పోయాం. చెనక్కాయలు వేయించి, మిరపకాయలు వేసి రోట్లో నూరుతుంటే ఆ ఇంటావిడ తానే పొత్రం లాక్కుంది. నా కొట్టంలో ఇప్పుడు పెట్టేవాళ్లెవరో తినేవాళ్లెవరో కొత్తవాళ్లకు చప్పున తెలియదు. నాకు అందుకే గర్వంగా ఉంటుంది.

కానీ మా సంగటి మధ్యాహ్నం ఒక్క పూటే. మాపటికి అవ్వ ఇంట్లో పొయ్యి వెలగాలంటే స్టోరు బియ్యం రావాలి. అవి ఆమెకు రావాల్సిన బియ్యం, ఎవరి దయా కాదు. రేషన్ కార్డుల ఆఫీసుకు పోదాం రమ్మంటే, "నా వేళ్లు అరిగిపోతే వాళ్లేం చేస్తారు పాపా," అనేది. తన వేళ్లదే తప్పన్నట్టు చేతులు కొంగులో దాచుకునేది. రెండు వారాలు బతిమాలితే, పెద్దక్క కూడా వస్తేనే వస్తానంది. పొద్దున వంట మిగతావాళ్లకు అప్పగించి ముగ్గురం బయల్దేరాం.

ఆఫీసులో కంప్యూటరు ముందు ఒక చిన్నవయసు అమ్మాయి ఉంది. మర్యాదగానే మాట్లాడింది. వేలు పెట్టించింది, పడలేదు. ఫోను నంబరు అడిగింది, అవ్వకు ఫోనే లేదు. "వచ్చే నెల మళ్లీ ప్రయత్నం చేద్దాం అవ్వా," అంది. నా కోపం ముందొచ్చింది. తిండి హక్కు గురించి, చట్టం గురించి, నేను పొదుపు సంఘం మీటింగుల్లో విన్నవన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. నా గొంతుకు బయట నిలబడినవాళ్లు తొంగిచూశారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "మిషను తీసుకోకపోతే నేనేం చేసేది అక్కా?" అంది. సంచీ మడుస్తున్న చప్పుడు వినపడింది. అవ్వ లేచి నిలబడుతోంది. అయిపోయింది, మళ్లీ అట్లాగే వెళ్లిపోతుంది, ఈసారి వెళ్తే ఇక రాదు అనుకున్నాను.

అవ్వ వెళ్లలేదు. సంచీ పక్కన పెట్టి, రెండు చేతులూ బోర్లించి, మళ్లీ వెల్లకిలా తిప్పి ఆ అమ్మాయి ముందు బల్లమీద పరిచింది.

"చూడు పాపా. నేను దాచిపెట్టుకోల్యా ముద్రలు. ఉడుకునీళ్లలో పాయె. మాపటికి నీళ్లు తాగి పడుకుంటాండా. ఎవరడిగినా అయింది అని చెప్తాండా." చేతులు బల్లమీదే ఉంచింది. "కాల్యా. నాకు ఆకలైతాంది."

నాకు ఆమె ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది. పక్కన పెద్దక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్ని నెలలుగా ఆ ఒక్క మాట అనకుండా ఉండడానికే ఆ మనిషి వెనక సందుల్లో తిరిగింది, తలుపులు మూసింది, డబ్బాలు వెనక్కి ఇచ్చింది.

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచి లోపలి గదిలోకి పోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో దుమ్ముపట్టిన పెట్టె ఒకటుంది. కంటిపాపను చూసి మనిషిని గుర్తుపట్టే మిషను. ఇన్నాళ్లూ ఇది అల్మారాలో ఎందుకుందని అరవడానికి నేను నోరు తెరిచాను. పెద్దక్క నా జబ్బ మీద గట్టిగా గిల్లింది. నోరు మూసుకున్నాను. ఎడమ కన్ను పట్టలేదు, దానికి పొర. కుడి కంటికి మిషను కుయ్ మంది. ఆ అమ్మాయి అవ్వ చేయి పట్టుకుని, "వచ్చింది అవ్వా, వచ్చింది," అని తనే ముందు ఏడ్చేసింది. స్టోరుకు ఫోను చేసి, ఈమెకు ఇకనుంచి కంటితోనే చూడాలని, ఆ మిషను నెలకొకసారి అక్కడికి పంపుతామని డీలరుకు చెప్పింది.

ఆ నెల బియ్యం తెచ్చుకున్నరోజు సాయంత్రం అవ్వ గదిలోంచి పొగ వచ్చింది. నేను అంగడిలో కుట్టుమిషను ఆపి కాసేపు ఆ పొగను చూస్తూ కూర్చున్నాను.

ఇక ఆమె కొట్టానికి రాదేమోనని లోలోపల దిగులుపడ్డాను. వచ్చింది, ఆకు తేవడం మానలేదు, పెద్దక్కతో తగువు మానలేదు. మరుసటి నెల స్టోరు దగ్గర బారులో ఆమె వెనక నేను నిలబడ్డాను. మా ముందు ఒకామె, నడివయసుది, షెడ్డులో పనిచేసేదే, చేతివేళ్లు తెల్లగా నానిపోయి ఉన్నాయి. మూడుసార్లు వేలు పెట్టింది. పడలేదు. డీలరు తల అడ్డంగా తిప్పాడు. కంటి మిషను ఆ రోజుకింకా రాలేదు. ఆమె ఏమీ అనకుండా సంచీ మడుచుకుని, తల వంచుకుని, గోడవారగా నడవసాగింది.

అవ్వ బారులోంచి బయటికొచ్చింది. తన వంతు పోతుందని నేను అంటున్నా వినలేదు. పోయి ఆమె మణికట్టు పట్టుకుంది.

"యాడికి పోతాండావు?"

"ఇంటికి. మాకుండాయిలే అవ్వా బియ్యం."

"ల్యావు," అంది అవ్వ, బారులో ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు. "నాకు తెల్సు ల్యావని. ఈడనే కూచో, మిషను వస్తాది. రాకపోతే నేను తోడొస్తా ఆఫీసుకు. ఆడ నోరు తెరిచి చెప్పు ఆకలైతాందని. నేను చెప్పినా. చావల్యా."

అవ్వ పోయి స్టోరు అరుగు మీద కూర్చుంది. ఆమె కూడా వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.